రికార్డమ్మ నిచ్చెన

మేనేజరు కవరుని చూశాడు గానీ, దాన్ని అందుకున్న మనిషిని చూడలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

"ఈ నెలాఖరుకి ఎవరో రిటైరవుతున్నారట కదా మేడం. మామూలుగానే కానుక ఏదో ఒకటి చూసి తెచ్చెయ్యండి," అన్నాడు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాగితాల మీద సంతకాలు గీకుతూ.

ఆ నెలాఖరుకి రిటైరవుతున్నది ఆవిడే.

రికార్డమ్మ నోరు తెరిచింది. అంతలో ఫోనులో అవతలి గొంతు పెరిగింది. మేనేజరు "అలాగే సార్, అలాగే సార్" అంటూ కుర్చీలోంచి సగం లేచాడు. పెద్దాఫీసు నించి ఫోనొస్తే అతను కూర్చుని మాట్లాడలేడు, అలాగని నిలబడనూ నిలబడడు, మధ్యలో ఉండిపోతాడు. ఆ భంగిమలో ఉన్న మనిషికి ఏం చెప్పినా ఎక్కదని ఆవిడకి నాలుగేళ్ళ అనుభవం. తెరిచిన నోరు మూసుకుని, కవరు పట్టుకుని బయటికొచ్చేసింది.

ఆ నీటి సరఫరా ఆఫీసులో రికార్డు రూము ఆవిడ చూసుకుంటుంది కాబట్టి అందరూ రికార్డమ్మ అంటారు. ఆవిడ చేరిన కొత్తలో ఎవరో రిటైరైతే, "మీకు ఓపిక ఎక్కువ కదా, కానుక మీరు కొనుక్కురండి" అన్నారు. అప్పట్నించీ ఆ ఓపిక ఆవిడ ఉద్యోగంలో భాగమైపోయింది. ప్రతిసారీ ఒకటే తంతు. ఆవిడ వెళ్ళి గోడగడియారం కొంటుంది. కింద ఇత్తడి రేకు మీద రిటైరయ్యేవాళ్ళ పేరు చెక్కిస్తుంది. మీటింగు అయ్యాక రిటైరైన మనిషీ మేనేజరూ ఆఫీసు జీపులో ముందు కూర్చుంటే, ఆవిడ గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంటుంది. వాళ్ళింటికెళ్ళి టీ తాగి, గడియారం ఏ గోడకి బావుంటుందో చెప్పి రావడం మేనేజరు వంతు. ఇలా ఎంతమందిని ఇంటికి చేర్చిందో ఆవిడకే లెక్క లేదు.

"ఏంటక్కా, ఈసారి ఎవరికి?" అన్నాడు వరండాలో టీ తాగుతున్న అటెండరు, కవరు చూసి.

"నాకే."

టీ ముక్కులోకి పోయింది అతనికి. దగ్గీ దగ్గీ, నవ్వీ నవ్వీ, ఆవిడ మొహం చూసి ఆపేశాడు. "సార్‌కి చెప్పేదా?"

"నోరు మూసుకో. ఎవరి దగ్గరైనా నోరు జారావో, నీ సర్వీసు రిజిస్టరు ఈ జన్మలో నీకు దొరకదు."

చెప్పేస్తే సరిపోయేదే. మేనేజరు "అయ్యో సారీ మేడం" అని ఆ కవరు ఇంకెవరి చేతిలోనో పెట్టేవాడు. ఆ ఇంకెవరో సాయంత్రం ఇంటికెళ్తూ దారిలో ఓ గడియారం కొనేవారు. కానీ ఆవిడకి కావాల్సింది గడియారం కాదు. తన కోసం ఎవరో ఒకరు ఒక్క పూట కొట్ల చుట్టూ తిరగాలి. 'ఈవిడకి ఏం నచ్చుతుందబ్బా' అని ఒక్క నిమిషం బుర్ర గోక్కోవాలి. అందరి కోసం తను గోక్కున్న బుర్రకి బదులుగా ఆ ఒక్క నిమిషమే ఆవిడ ఆశపడింది. అది అడిగి పుచ్చుకునేది కాదు కదా. అందుకే ఒళ్ళు మండింది.

మంటలో ఉండగానే టైపిస్టు వచ్చి పై అరలోంచి ఫైలు కావాలంది.

పై అర అంటే మాటలు కాదు. ఒకానొకప్పటి మేనేజరు, అధికారుల ఫైళ్ళు పైన, అటెండర్ల ఫైళ్ళు కింద, హోదా ప్రకారం ఉండాలని ఆర్డరు వేసి పోయాడు. రికార్డమ్మ చూస్తే నాలుగడుగుల పది అంగుళాల మనిషి. స్టూలు లాగింది. దానికి ఒక కాలు పొట్టి, పాత దరఖాస్తు ఫారాలు మడిచి కింద దోపింది. స్టూలు మీద మీటరు రీడింగు పుస్తకాల కట్టలు రెండు పెట్టింది. వాటి మీద తను ఎక్కి, మునివేళ్ళ మీద లేచి, గొడుగు వంకీతో ఫైలుని అంచుదాకా లాగి, అది పడుతుండగా గుండెల మీద పట్టుకుంది. స్టూలు ఊగింది. టైపిస్టు కళ్ళు మూసుకుంది. రికార్డమ్మ దిగి, చీర దులుపుకుని, రిజిస్టర్లో ఫైలు నంబరు రాసింది.

నిచ్చెన ఒకటి ఇప్పించమని ఆవిడ ఏడాదికోసారి ఇండెంటు పెట్టేది. పందొమ్మిది పెట్టింది. పందొమ్మిదిటి మీదా ఎర్ర సిరాతో ఒకటే మాట: 'అవసరం పరిశీలించవలెను.' రెండేళ్ళ కిందట స్టూలు మీంచి పడి కుడిచేతికి కట్టు కట్టించుకున్నప్పుడు, పట్టుదల కొద్దీ ఇండెంటు ఎడంచేత్తో రాసి పెట్టింది. దానిమీద మాత్రం ఒక ముక్క ఎక్కువొచ్చింది: 'అక్షరములు స్పష్టముగా లేవు. అవసరం పరిశీలించవలెను.'

ఇంటికెళ్ళి సంగతి చెబితే భర్త పడీ పడీ నవ్వాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, నవ్వినా దగ్గినా వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"నవ్వడానికేముందండీ ఇందులో?"

"నీ కానుక నీకే కొనమన్నాడా! బస్సెక్కినవాణ్ణే బస్సు తొయ్యమన్నట్టుంది." అని, కాస్త సర్దుకుని, "పోనీలే, నీకు నచ్చింది కొనుక్కో. లేదంటే నాకో మంచి చొక్కా చూడు," అన్నాడు.

"మీకెందుకు చొక్కా? రిటైరయ్యేది నేనా, మీరా?"

"నా కానుకగా ఆ దిక్కుమాలిన గడియారమే కదా ఇచ్చారు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది."

ఆయన ఆరడుగుల మనిషి. ఇంట్లో ప్రతి వస్తువూ ఆయన చేతికందే ఎత్తులో ఉంటుంది. పప్పుల డబ్బా కావాలన్నా, దుప్పటి కావాలన్నా, "ఏమండీ" అని పిలవాల్సిందే. ఆయన పేపరు చదివే పేజీ పూర్తిచేసి, దండం పెట్టించుకునే దేవుడిలా నెమ్మదిగా లేచి వచ్చేవాడు. బీరువా పైన ఏముందని ఆవిడ ఎప్పుడు అడిగినా "దుమ్ము" అనేవాడు. పెళ్ళైనప్పట్నించీ ఆవిడ ఆ దుమ్ముని నమ్ముతూ వచ్చింది.

మర్నాడు ఆఫీసు వదిలాక గడియారాల షాపుకి వెళ్ళింది. షాపాయన ఆవిణ్ణి చూడగానే కుర్చీ తుడిచాడు, ఎప్పుడూ కొనే రకం గడియారం తీశాడు, చిన్న ఇత్తడి రేకు బల్ల మీద పెట్టి, చెవి వెనక పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళ వ్యాపారం, మాట్లాడుకోవాల్సిన పని లేదు.

"ఈసారి పేరు చెప్పండి మేడం."

ఆవిడ చెప్పలేకపోయింది. తన పేరు తనే చెప్పి, తనే చెక్కించుకుని, తనే రంగుకాగితం చుట్టుకుని, రేపు అందరి ముందూ 'అబ్బ, ఎంత బావుందో' అని ఆశ్చర్యపడాలి. ఆ బొమ్మలాట తలచుకుంటే సిగ్గేసింది. షాపాయన పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చుట్టూ గోడల మీద గడియారాలన్నీ తలో టైమూ చూపిస్తూ టిక్కు టిక్కుమంటున్నాయి.

"పేరు మర్చిపోయారా మేడం?"

"ఆఁ. కనుక్కుని వస్తాను," అని లేచి బయటపడింది.

గడియారాల షాపు పక్కనే ఇనప సామాన్ల కొట్టు. ఆ దారిలో ఎన్నిసార్లో నడిచింది గానీ ఎప్పుడూ అటు చూడలేదు. ఇవాళ కళ్ళు తుడుచుకోవడానికి గోడవైపు తిరిగింది కాబట్టి కనిపించింది. గుమ్మం పక్కన తాళ్ళ చుట్టలకీ బకెట్లకీ మధ్య, అల్యూమినియం మడత నిచ్చెన. ఏడు మెట్లు. పైన కూర్చోవడానికి వెడల్పాటి పలక. కాళ్ళకి నల్లటి రబ్బరు తొడుగులు.

"ఎక్కి చూడొచ్చా?" అంది.

"మీరా పెద్దమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మరి కొనేది నేనే కదా."

ఆయన నిచ్చెన విప్పి, మధ్యలో కొక్కెం బిగించి, పక్కన రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, పడితే పట్టుకుందామని. ఆవిడ చెప్పులు విడిచింది. ఒక మెట్టు. రెండు. ఊగలేదు. మూడో మెట్టు మీద అలవాటుగా ఒళ్ళు బిగబట్టుకుంది. అయినా ఊగలేదు. ఆరో మెట్టు ఎక్కాక కిందికి చూసింది. కొట్టాయన నడినెత్తి మీద రూపాయి బిళ్ళంత బట్టతల ఉంది. ఫ్యాను రెక్కల మీద వేలెడు దుమ్ముంది. వీధిలో పోయేవాళ్ళ తలలన్నీ ఆవిడకంటే కిందున్నాయి. ఇన్నేళ్ళూ మనుషుల గడ్డాలే చూసిన మనిషికి అది కొత్త లోకం. పైకే నవ్వేసింది.

"బావుందా పెద్దమ్మా?"

"మీకు బట్టతల మొదలైంది, చూసుకున్నారా?"

కవరులో డబ్బు చాల్లేదు. తన పర్సులోంచి రెండు నోట్లు తీసి కలిపింది. ఏ చీరకీ అంత ఇష్టంగా డబ్బు తియ్యలేదు.

మీటింగు రోజున ఆ కానుక గోడకి చేరగిలబడి నిలుచుంది. అటెండరు దానికి ఖాకీ కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను మూడు చోట్ల కట్టాడు. అందరికీ అదే ధ్యాస. మంచం పట్టీ అని టైపిస్టు అంది. కర్టెను కమ్మీ అని అకౌంటెంటు అన్నాడు. మేనేజరు ఉపన్యాసం మొదలెట్టాడు. అతని దగ్గర రిటైర్మెంటుకి ఒకటే ఉపన్యాసం ఉంది.

"కాలం ఎవరి కోసమూ ఆగదు. ఈ గడియారంలో ముల్లు తిరిగినంత కాలమూ మేడంగారికి మేం గుర్తొస్తూనే..." అంటూ చెయ్యి చాపి, అప్పుడు చూశాడు. గడియారం మనిషెత్తు ఉంది. ఒక్క క్షణం తడబడి, గొంతు సవరించుకున్నాడు. "ఏదైతేనేం, మేమంతా ఎంతో ఆలోచించి, మేడంగారి మనసుకి ఏది నచ్చుతుందో బాగా చర్చించుకుని, ఎంపిక చేసిన చిరుకానుక ఇది."

రికార్డమ్మ లేచి రిబ్బను విప్పింది. కాగితం చించింది. తళతళలాడుతూ నిచ్చెన బయటపడింది.

అటెండరు ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

"చాలా సంతోషం సార్," అంది రికార్డమ్మ మైకులో. "అన్నిట్లోకీ నిచ్చెనే ఎందుకు ఎంచారో, ఆ ఆలోచనేమిటో, నాలుగు ముక్కలు చెబితే వింటాను."

మేనేజరు తెల్లమొహం వేశాడు. అకౌంటెంటు వైపు చూస్తే అకౌంటెంటు చెప్పుల వైపు చూసుకున్నాడు. "అంటే... మేడంగారు జీవితంలో ఇంకా... ఇంకా పైకి రావాలని."

"అరవై నిండాయి సార్."

"ఆరోగ్యంలో పైకి," అన్నాడు చెమట తుడుచుకుంటూ. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టి అతన్ని ఒడ్డున పడేశారు. ఒడ్డున పడ్డ మనిషి ఊరుకోవచ్చు కదా. "ఎలాగూ ఇది రికార్డు రూముకి పనికొచ్చే వస్తువు. మేడంగారు ఇక్కడే వదిలి వెళ్తారని..."

"ఇప్పటిదాకా ఎవరైనా గడియారం ఇక్కడ వదిలి వెళ్ళారా సార్?"

అకౌంటెంటు మళ్ళీ చెప్పుల వైపు చూసుకున్నాడు.

సాయంత్రం జీపు దగ్గర పేచీ వచ్చింది. నిచ్చెన లోపల పట్టలేదు. ఏటవాలుగా పెట్టినా డ్రైవరు చెవి దగ్గరికొచ్చి ఆగింది. మేనేజరు చేతి వాచీ చూసుకుని, "నాకు పెద్దాఫీసులో మీటింగుంది మేడం. మీరు ఏదో ఒక ఏర్పాటు చూసుకోండి, ఏమనుకోకండి," అని జీపెక్కి వెళ్ళిపోయాడు. అందర్నీ ఇంటికి దిగబెట్టిన జీపు ఆవిడ మీద దుమ్ము కొట్టి పోయింది.

నిచ్చెన ముందు కొస ఆవిడ పట్టుకుంది, వెనక కొస అటెండరు. "ఆ గడియారం ముక్క చెబుతున్నప్పుడు సార్ మొహం చూశావా అక్కా," అని అటెండరు దారంతా నవ్వించాడు. ఆవిడ నవ్వుతూనే నడిచింది. కానీ ముందు నడిచే మనిషి మొహం వెనకవాడికి కనపడదు. చివరి మలుపులో ఖాళీగా ఉన్న చేత్తో కళ్ళు తుడుచుకుంది. నిచ్చెన దొరికింది గానీ, తనని సాగనంపిన మనిషంటూ లేకుండా పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఉద్యోగం లేని మొదటి కాఫీ తాగి, నిచ్చెన తెచ్చి బీరువా ముందు వేసింది. భర్త పేపరు అవతల పారేశాడు.

"ఏంటే అది? ఎందుకిప్పుడు? ఏం కావాలో చెప్పు, నే తీసిస్తా కదా."

"కూర్చోండి. ఇకమీద మీకు శ్రమ లేదు."

"అక్కడేం లేదు. దుమ్ము!"

"దులుపుతాను," అంటూ అయిదో మెట్టు ఎక్కింది.

దుమ్ము ఉన్నమాట నిజమే. దుమ్ము వెనకాల ఓ రేకు డబ్బా కూడా ఉంది. దానిమీద మాత్రం దుమ్ము లేదు. మూత తీసింది. క్రీము బిస్కెట్లు, చాక్లెట్లు, కొబ్బరి బిళ్ళలు. షుగరు ఎందుకు తగ్గడం లేదని డాక్టరు దగ్గర తను తలపట్టుకుంటే, పక్కన కూర్చుని 'వంశంలోనే ఉందండీ' అని నిట్టూర్చిన మనిషి ఇప్పుడు నిచ్చెన కింద నిలబడి గోడ మీద లేని బల్లిని చూస్తున్నాడు.

రికార్డమ్మ పై పలక మీద తీరిగ్గా కూర్చుని, ఒక క్రీము బిస్కెట్టు నోట్లో వేసుకుంది. నిచ్చెన ఖరీదు అప్పుడే సగం గిట్టిందనిపించింది.

"కొంచెం... ఒక్కటి కిందికి..." అన్నాడు ఆయన.

"అవసరం పరిశీలించాలి," అంది ఆవిడ.

అప్పుడే గేటు చప్పుడైంది. మేనేజరు కుంటుకుంటూ లోపలికొచ్చాడు. చొక్కా నిండా దుమ్ము, దాని చెయ్యి ఒకటి భుజం దగ్గర చిరిగింది. వెనకాల అటెండరు నవ్వు బుగ్గల్లో దాచుకుని నిలుచున్నాడు. ఆవిడ గబగబా దిగి కుర్చీ వేసింది.

"ఏమైంది సార్?"

"నా సర్వీసు రిజిస్టరు మేడం. పన్నెండు లోపు పెద్దాఫీసుకి పంపకపోతే ప్రమోషన్ల జాబితాలో నా పేరుండదట. అది పై అరలో ఉంది."

"ఉంటుంది సార్, అధికారులవన్నీ పైనే. హోదా ప్రకారం."

"స్టూలెక్కాను," అని ఆగాడు.

"స్టూలు పడిపోయిందక్కా," అని అటెండరు అందుకున్నాడు. "సార్ అర పట్టుకుని పావుగంట వేలాడారు."

"రెండు నిమిషాలు," అన్నాడు మేనేజరు. అతనిలో బింకం అంతా పోయింది. ఆవిడ వంక, నాలుగేళ్ళలో మొదటిసారి, తేరిపార చూశాడు. ఆవిడ ఎత్తు కొలుచుకుంటున్నట్టుంది ఆ చూపు. "మేడం, మీరు రోజూ దాని మీదే ఎక్కేవారా?"

"పందొమ్మిది ఇండెంట్లలో అదే రాశాను సార్. అందులో నాలుగు మీ సంతకంతోనే వెనక్కొచ్చాయి."

అతను తల దించుకున్నాడు. "ఆ నిచ్చెన ఒక్క గంట ఇప్పించండి."

"దానికేం సార్. ఇండెంటు పెట్టండి."

అతను నవ్వబోయి, ఆవిడ నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. ఆవిడ తెల్లకాగితం తెచ్చి, స్కేలు పెట్టి గళ్ళు గీసి ఇచ్చింది. వస్తువు. ఎన్ని. ఎవరిది. ఎందుకు కావాలి. చివర్న, అధికారి ఆమోదం. అతను రాశాడు. వస్తువు: నిచ్చెన. ఎన్ని: ఒకటి. ఎవరిది అన్న గడిలో 'మేడంగారిది. ఆఫీసు సిబ్బంది ఇచ్చిన కానుక' అని రాసి, అక్కడ కలం ఆపాడు. కళ్ళు చిట్లించాడు. కవరు, ఫోను, చాచిన చెయ్యి, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చినట్టున్నాయి.

"మేడం... ఆ కవరు నేను ఎవరి చేతికిచ్చాను?"

"టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు సార్?"

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. 'ఆఫీసు సిబ్బంది ఇచ్చిన కానుక' అన్న మాటలు కొట్టేశాడు. పైన 'ఆవిడ కొనుక్కున్నది' అని రాశాడు. ఎందుకు కావాలి అన్న గడిలో చాలాసేపు రాశాడు. గడి చాలక మార్జినులోకి పోయాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. 'రికార్డు రూములో మేడంగారు ఇన్ని సంవత్సరాలు ఎక్కిన స్టూలు మీద నేను ఒక్క నిమిషం నిలబడలేకపోయాను. పందొమ్మిదిసార్లు అడిగినా ఇవ్వకపోవడం మా తప్పు.'

రెండుసార్లు చదివింది. తర్వాత, జీవితంలో తనకెప్పుడూ దక్కని ఆ చివరి గడిలో, స్పష్టమైన అక్షరాలతో 'అవసరం పరిశీలించడమైనది. ఇవ్వవచ్చు' అని రాసి సంతకం పెట్టింది.

"అయిదింటికల్లా ఇంటికి రావాలి సార్. ఎక్కేటప్పుడు కింద ఒకరు పట్టుకోవాలి."

అయిదు కొట్టకముందే ఆవిడ గుమ్మంలో నిలబడింది. భర్త కూడా వచ్చి నిలబడ్డాడు. నిచ్చెన తిరిగి రాకపోతే బావుణ్ణని ఆయన మొహంలో కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

వీధి మలుపులో నిచ్చెన కనిపించింది. వెనక కొస అటెండరు పట్టుకున్నాడు. ముందు కొస మేనేజరు. కుంటుతూ, చెమటలు కక్కుతూ, భుజం మార్చుకుంటూ ఆఫీసు నించి నడిచొస్తున్నాడు. వాళ్ళ వెనక టైపిస్టూ, అకౌంటెంటూ. అరుగుల మీద జనం లేచి చూస్తున్నారు.

"జీపేమైంది సార్?" అంది ఆవిడ గేటు తీస్తూ.

"జీపులో పట్టదు కదా మేడం."

నిచ్చెన ముందుగదిలోకి తెచ్చి, అతను వెంటనే దించలేదు. భుజాన పెట్టుకునే నాలుగు గోడలూ కలియజూశాడు, గడియారం తెచ్చిన రోజుల్లో చూసినట్టే.

"ఆ బీరువా పక్క గోడకైతే బావుంటుంది మేడం," అన్నాడు.

భర్త సన్నగా మూలిగాడు. రికార్డమ్మ నవ్వి, కుర్చీలు జరిపింది.

"కూర్చోండి సార్, టీ తాగి వెళ్దురుగాని," అంది. "నేను రిటైరైంది ఇవాళే."